కాగితం వెనక గుర్తు

కోరుట్లలోని మా గడిలో మేడమీది గది గోడలకు తాతగారు అంటించిన చిలకల బొమ్మల కాగితం ఉంది. ఆయన చేతిది మాకు మిగిలింది అదొక్కటే. తేమకు అది ఊడుతుంటే, జగిత్యాలలో పుస్తకాలకు బైండింగు చేసే సాయిబును పిలిచాం. ఆయన ఏ కాగితాన్నయినా ముందు వాసన చూసి, కళ్లు మూసుకుని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"గోడ మీద గాదు సాబ్, ఇంటికాడ సాపు జేస్త," అంటూ కాగితాలన్నీ ఊడదీసి చుట్ట చుట్టాడు.

మా బావమరిది నన్ను పక్కకు పిలిచాడు. "హైదరాబాదుల గీ పాత కాయిదాలకు మస్తు గిరాకి ఉన్నది బావా. అసలుది అమ్ముకొని నకలు తెస్తడు, చూసుకో."

సాయిబు చాయ్ తాగుతున్నప్పుడు, చుట్ట విప్పి ఒక్కో కాగితం వెనక పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టాను.

నెల తర్వాత తెచ్చాడు. చిలకలు కళకళలాడుతున్నాయి. వెనక్కి తిప్పాను. చిరగకుండా వెనకంతా మైదా గంజితో పలచని గుడ్డ అతికించాడు. గుర్తు కనబడలేదు.

"ఈ గుడ్డ ఊడదీస్తే?" అన్నాను.

"కాయిదం గూడ దాంతోనే వస్తది సాబ్. చిలుకలను చింపుకుంటరా?" కాగితం వాసన చూసి నవ్వాడు. "మీ పెన్సిలు గుర్తు గంజి కింద పదిలంగనే ఉన్నది."

గుర్తు పెట్టిన సంగతి నేనెవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. గుడ్డ అతికించేటప్పుడు చూశాడో, కాగితం మార్చేటప్పుడు చూశాడో!

సాయిబు చనిపోయి రెండేళ్లు. ఇప్పటికీ ఆ గదిలోకి వెళితే మళ్లీ గోడకు అంటించిన ఆ చిలకలకు ముక్కు ఆనించి వాసన చూస్తాను. గంజి వాసనే వస్తుంది.