కాక భుజం మీద మక్క మిషన్ పట్టా

ముందుగా మన్నించాలి... నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, తప్పులు కూడా ఉంటాయి. ఊళ్లో ఉన్న బడి వరకే చదివాను. ఫోన్లో టైపు చేయడం రాదు. కాగితం మీద రాస్తే, నా రూమ్‌లో ఉండే గోదావరి అబ్బాయి ప్రసాద్ ఫొటో తీసి మన ఊరివాళ్లూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ ఉన్న గ్రూపులో పెడతానన్నాడు. "రాసేయండి బాబాయ్, రెండ్రోజుల్నుంచి మీ కంగారు చూడలేకపోతున్నాను" అన్నాడు.

మా చిన్నప్పుడు మక్క కోతలంటే, అదే మొక్కజొన్న కోతలంటే, ఇంటిల్లిపాదీ చేనులోనే... మగవాళ్లు కంకులు విరిచి కుప్ప పోసేవాళ్లు. ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని పొట్టు ఒలిచేవాళ్లు. మేం పిల్లలం మక్క పీచును మీసాల్లా అతికించుకుని పట్వారీలమైపోయేవాళ్లం. ఎండిన కంకులను కట్టెలతో కొట్టి గింజలు రాల్చేవాళ్లు. పొద్దుగూకేసరికి అందరి అరచేతులూ బొబ్బలే... ఆ చేతులతోనే అవ్వ, అంటే మా అమ్మ, మక్క రవ్వతో వేడివేడి గట్క వండి పెట్టేది.

ఒక ఏడాది బాపు, కాక కలిసి పట్నం నుంచి మక్కలు పట్టే మిషన్‌ను కిరాయికి తెచ్చారు. బాపు అంటే మా నాన్న, కాక అంటే ఆయన తమ్ముడు, నర్సయ్య కాక. ఇటు మిషన్, అటు డీజిల్ ఇంజన్. రెండింటినీ కలిపి తిప్పే పొడవాటి తోలు పట్టా. కాక మిషన్లో కంకులు పోసేవాడు, బాపు ఇంజన్ చూసుకునేవాడు. మధ్యలో పొట్టు దుమ్ము... ఒకరికొకరు కనిపించేవాళ్లు కాదు. ఆ మోతకు భయపడి నేను అవ్వ కొంగు వదలలేదు.

వానకు తడిసిన కంకులు. మిషన్ గొంతు పట్టేసింది. పట్టా జారి కింద పడింది. ఇంజన్ మాత్రం ఆపలేదు. ఆపితే మళ్లీ హ్యాండిల్ కొట్టి లేపడం పెద్ద పని. మిషన్ ఆగింది కదా అని కాక చెయ్యి లోపల పెట్టి పొట్టు గుంజుతున్నాడు.

"పట్టా ఏస్తున్ననే తమ్మీ!" అని బాపు కేకేశాడు. ఆ మోతలో ఎవరికి వినిపిస్తుంది? కట్టెతో పట్టా ఎక్కించేశాడు...

ముందు అవ్వ అరిచింది. కాక మణికట్టు దగ్గర ఆగిపోయిన తన కుడిచేతి వైపు చూస్తూ నిలబడ్డాడు.

మరుసటి ఏడు మిషన్ మళ్లీ వచ్చింది. ఊరంతా కట్టెలు పక్కన పెట్టేసింది, ఏం చేస్తాం. మిషన్ పట్టేసినప్పుడల్లా కాక ఇంజన్ ఆపించి, ఎడమచేత్తో పట్టా తీసి తన భుజాన వేసుకునేవాడు. పట్టా ఆయన భుజం మీద ఉంటేనే ఎవరైనా లోపల చెయ్యి పెట్టాలి. పని అయ్యాక గట్టిగా అనేవాడు.

"చేతులు చూపెట్టుండ్రి!"

బాపు, అవ్వ, కూలివాళ్లు, చివరికి కుప్ప మీద ఆడే మేము కూడా... అందరం రెండు చేతులూ పైకెత్తేవాళ్లం. పక్క చేను లచ్చవ్వ నవ్వేది. "పోలీసోళ్లు వట్టుకున్నట్టు గీ చేతులెత్తుడేందయ్యా?"

"ఎత్తకు వదినే... రేపు గట్క నోటికి ఎవలందిస్తరో సూస్త" అనేవాడు కాక.

అన్ని చేతులూ చూశాకే పట్టా బాపుకు ఇచ్చేవాడు. బాపు తీసుకునేవాడు కానీ, కాక ముఖంలోకి ఒక్కసారీ చూడగా నేను చూడలేదు.

ఇద్దరూ పోయారు. నేను ఇక్కడ గల్ఫ్‌లో మదీనత్ అల్ షమాల్ దగ్గర ఒక తోటలో గడ్డికి నీళ్లు పెడుతుంటాను. ఊళ్లో సేద్యం మా అబ్బాయి రమేశ్‌ది. ఈసారి వాడు నిలబడ్డ చేనులోకే పోయే మిషన్ తెచ్చాడు. ట్రాక్టర్‌కు తగిలిస్తే సాళ్ల వెంట పోతూ కంకులు విరుస్తుంది, పొట్టు కూడా అదే ఒలుస్తుంది.

శుక్రవారం వీడియో కాల్‌లో సంబరంగా చూపించాడు. నాకూ సంతోషమే... అంతలో మిషన్ రోలర్ల మధ్య మక్క దంట్లు ఇరుక్కున్నాయి. రమేశ్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో దంటు పట్టి గుంజుతున్నాడు. ట్రాక్టర్ ఇంజన్ నడుస్తూనే ఉంది. సీటు మీద డ్రైవర్ చెవుల్లో పాటల వైర్లు...

"రమేశా! చెయ్యి తియ్యి! తాళంచెవి నీ దగ్గర వెట్టుకోరా!"

"ఏం గాదే బాపూ. పిలగాడు నేను చెప్పందే గేరెయ్యడు. మొగులైతున్నది, వానొస్తది, జెల్ది కానియ్యాలె."

సాయంత్రం మళ్లీ ఫోన్ చేస్తే నవ్వాడు. "దుబాయ్‌ల కూసొని చేను కావలి గాస్తున్నవా బాపూ?" అని పెట్టేశాడు. ఊళ్లో వాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే. వాళ్లమ్మ చెప్పినా వినడం లేదట.

ఆ రోలర్లు దంటును ఎంత వడిగా లాగుతాయంటే, మనం వదిలేలోపే చెయ్యి లోపల ఉంటుంది. ఇక్కడ తోటలో గడ్డి కోసే మిషన్ ఆగినా అందరి చేతులూ చూస్తున్నాను. "క్యా దేఖ్‌తే హో చాచా?" ఏం చూస్తున్నావని అడుగుతాడు పఠాన్ డ్రైవర్.

మన ఊరి వాళ్లెవరైనా ఇది చదివితే... రోడ్డు పక్క చేను మిగిలింది, రేపు పొద్దున మొదలుపెడతాడట. దయచేసి ఒకసారి వెళ్లండి. మిషన్ పట్టేస్తే ట్రాక్టర్ ఆపి, తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాకే చెయ్యి పెట్టమనండి. తండ్రి మాట వినడు, మీ మాట వింటాడేమో.

మిగతావాళ్లు కూడా చెప్పండి... మీ ఊళ్లలో మిషన్ల దగ్గర ఒకరినొకరు ఎలా కనిపెట్టుకునేవాళ్లు?

అప్పుడు పట్టా భుజం మీద కనబడేది. గట్టు మీద నుంచి చూసినా అవ్వ గుండె నిమ్మళంగా ఉండేది. ఇప్పటి మిషన్‌కు తీసి భుజాన వేసుకునే పట్టా లేదు... చేతులు చూపెట్టమని అడిగే కాకా లేడు.

రేపు కోత అయ్యాక వాడి రెండు చేతులూ కనిపించేలా ఒక ఫొటో పెట్టండి. జవాబు తొందరగా రాయండి... ఫోన్ పట్టుకునే కూర్చుంటాను.