కేసమ్మ గుండె

మా అత్తకు కాలేజీలో దక్కిన మర్యాద మా ఇంట్లో ఎన్నడూ దక్కలేదు. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంట్లో ఆవిడ నాన్నకు అక్క, అమ్మకు వంటింట్లో అడ్డం తగిలే ఆడపడుచు, నాకు పాఠాలు అప్పజెప్పమని వెంటపడే మేనత్త. అదే రోడ్డు దాటి మెడికల్ కాలేజీ గేటులో అడుగు పెట్టిందంటే కాపలా అతను కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. కేసమ్మగారొచ్చారని లోపలికి కబురు పరిగెత్తేది.

ఆ పేరు కాలేజీ పిల్లలు పెట్టింది. డాక్టరు చదువు పరీక్షల్లో ఒక్కో విద్యార్థికి ఒక్కో రోగిని అప్పగిస్తారు. ఆ రోగిని వాళ్లు కేసు అంటారు. మంచం పక్కన నిలబడి, ప్రశ్నలడిగి, నాడి చూసి, స్టెతస్కోపు పెట్టి విని, జబ్బేమిటో చెప్పాలి. మా అత్తకు చిన్నతనంలో కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ గుండెలో ఒక కవాటాన్ని ఇరుకు చేసి పోయింది. రక్తం ఆ సందులోంచి దూరేటప్పుడు ఎక్కడో దూరంగా బండి దొర్లుతున్నట్టు సన్నటి చప్పుడు. అంత చక్కగా వినిపించే గుండె మళ్లీ దొరకదని పెద్ద ప్రొఫెసరుగారు అనేవారు. అందుకని ఏటా పరీక్షలకు ఆవిడ ఉండి తీరాల్సిందే.

అత్త మొదటిసారి అక్కడికి వెళ్లేనాటికి కాలేజీ ఇంకా పసిగుడ్డు. విశ్వవిద్యాలయం వాళ్లు పాత గోదాములకు సున్నం కొట్టించి, ముందు ఒక బోర్డు పాతి, ఇదే వైద్య కళాశాల అన్నారు. పైన రేకులు. వాన పడితే ఆ మోతలో మాస్టారి గొంతే వినపడేది కాదు, ఇక గుండె చప్పుళ్లేం వినపడతాయి? ఆ పాఠం ఎండ కాసిన రోజునే చెప్పేవారట. అలాంటి ఒక ఎండ రోజున మా తాతయ్య ఆయాసంతో ఉన్న కూతుర్ని అక్కడికి తీసుకెళ్లాడు. అప్పటికి కుర్ర డాక్టరుగా ఉన్న ప్రొఫెసరుగారు విని, మళ్లీ విని, "అందరూ రండి" అని క్లాసంతటినీ పిలిచారు. వరస కట్టిన తెల్లకోట్లను చూసి అత్తకు పైప్రాణాలు పైనే పోయాయి. తాను ఇక బతకననుకుంది. ఆయన మాత్రం తల నిమిరి, "భయపడకమ్మా, వీళ్లకివాళ నువ్వే పంతులమ్మవి" అన్నారు. జ్వరం వల్ల బడి మానేసిన పిల్ల అది. ఆ ఒక్క మాటతో జీవితాంతానికి సరిపడా పొంగిపోయింది.

పెళ్లి, పిల్లలు గుండెకు బరువని డాక్టర్లు అనడంతో ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు. తాతయ్య తర్వాత గేటు ఎదురుగా ఉన్న కుట్టు కొట్టును అక్కాతమ్ముళ్లిద్దరే నడిపారు. నాన్న కత్తిరించేవాడు, అత్త కుట్టేది. ఇద్దరూ పొద్దస్తమానం కీచులాడుకునేవారు. నాన్న చంకలు బిగించి కత్తిరిస్తాడని ఆవిడ ఫిర్యాదు, ఆవిడ కుట్టే బొత్తాం కాజాలు రాక్షసుల నోళ్లలా ఉంటాయని ఆయన ఫిర్యాదు.

ఆ కాలేజీ చరిత్ర రాయమంటే పెద్దవాళ్లు శంకుస్థాపనలూ ప్రారంభోత్సవాలూ రాస్తారు. నేనైతే కోట్ల సంగతి రాస్తాను. ముందు మోకాళ్ల దాకా వచ్చే డాక్టరు కోట్లొక్కటే ఉండేవి. తర్వాత నర్సింగు కోర్సు పెట్టారు. కత్తెర, చీటీలు, థర్మామీటరు అన్నీ పట్టాలని ఆ పిల్లలు లోతు జేబులు అడిగారు. ఆ తర్వాత లాబ్ టెక్నీషియన్లు వచ్చారు. చేతుల అంచులు రంగుల్లో మునగకుండా మణికట్టు దగ్గర బిగుతుగా ఉండాలన్నారు. అయినా నెల తిరిగేసరికి ఊదా మరకలతో కొట్టు ముందు దిగేవారు. వ్యాయామ చికిత్స నేర్చుకునే వాళ్లకు చేతులు పైకెత్తితే పట్టేయని పొట్టి కోట్లు. బస్తీలకూ పల్లెలకూ వ్యాన్లో వెళ్లి ఇంటింటా ఆరోగ్యం అడిగి రావాలని ఒక శిక్షణ మొదలుపెట్టాక, ఏ కోటూ తెల్లగా మిగల్లేదు. గోదాములు పోయి మేడలు లేచాయి. ఫీజు తక్కువ కావడంతో కూలీల పిల్లలూ, మాలాంటి దర్జీల పిల్లలూ ఆ కోట్లు తొడుక్కున్నారు. కొత్త కోటు వేసుకుని మా కొట్టు అద్దంలో చూసుకునే ఆ మొహాలు ఇప్పటికీ నా కళ్లలో మెదులుతాయి. అంత అందమైన మొహాలు నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

కోటు కొలతల దగ్గర "పిన్నిగారూ" అంటూ చనువుగా ఉండే పిల్లలే పరీక్ష మంచం దగ్గర చేతులు జోడించేవారు. "పిన్నిగారూ, మీకేమిటో చెవిలో చెప్పేయండి, మీ కాళ్లు పట్టుకుంటా." అత్త చచ్చినా చెప్పేది కాదు. "నేను చెబితే నువ్వు పాసవుతావు సరే, రేపు నీ దగ్గరికొచ్చిన వాళ్లకి ఎవరు చెబుతారు నాయనా?" అనేది. మరీ జాలేస్తే మాత్రం, ఎవరూ అడగకముందే మెల్లగా ఎడమ పక్కకు ఒత్తిగిల్లేది. అలా పడుకుంటే ఆ చప్పుడు బాగా వినపడుతుంది. అంతకు మించి ఎవరికీ సాయం చేయలేదు.

చివరకు గుండె ఆపరేషన్ల విభాగం కూడా వచ్చింది. అక్కడి డాక్టర్ల ఆకుపచ్చ బట్టలన్నీ మా అత్తే కుట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడ ఆయాసం ముదిరింది. మిషను తొక్కలేకపోతే నాన్న దానికి మోటారు పెట్టించాడు. రెండు మెట్లెక్కితే పెదాలు నల్లబడేవి. ప్రొఫెసరుగారు కొట్టుకే వచ్చి, "ఇరుకు కవాటాన్ని ఇప్పుడు ఇక్కడే వెడల్పు చేస్తున్నారమ్మా. ఇంకా ఆలస్యం చేస్తే గుండె తట్టుకోదు" అని తేల్చి చెప్పారు. ఆవిడ చెవిన పెడితేగా! కొత్త బ్యాచి కోట్లు అయ్యాక అంది. పరీక్షలు అయ్యాక అంది. నాన్న అరిచాడు, అమ్మ బతిమాలింది. నేను అన్నం మానేసి మూతి ముడుచుకు కూర్చుంటే ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు సూదిలో దారం ఎక్కించుకుంది. ఎంత మొండి మనిషో అని తిట్టుకున్నాను.

ఆ ఏడు పరీక్షకు అత్త ఒంటరిగా మెట్లెక్కలేదని నేను తోడు వెళ్లాను. తెర వెనక, సందులోంచి మంచం కనపడేలా స్టూలు మీద కూర్చున్నాను. ఒక అమ్మాయి వచ్చింది. బక్కపల్చటి మనిషి. ఆ పిల్ల చాలాసేపు విన్నది. ప్రొఫెసరుగారు వచ్చాక జబ్బు పేరు ఇంగ్లీషులో తడబడకుండా చెప్పింది. ఇరుకు బాగా ఎక్కువైందని, వెంటనే ఆపరేషన్ కావాలని చెప్పింది. వాళ్ల ఇంగ్లీషు అత్తకు అర్థం కాదనుకునేవారు. అన్నేళ్లు విన్న మనిషికి అర్థం కాకుండా ఉంటుందా?

"రోగి ఒప్పుకోకపోతే?" అన్నారాయన. ఆ ప్రశ్నకు అందరూ పుస్తకంలో ఉన్న జవాబే చెబుతారట: మందులు, విశ్రాంతి, నచ్చజెప్పడం. ఈ పిల్ల ఆయనకు జవాబే చెప్పలేదు. అత్త వైపు తిరిగి, "ఎందుకు వద్దంటున్నారమ్మా?" అని అడిగింది.

అత్త దుప్పటి అంచు సరిచేసుకుంది. "చేయించుకుంటే ఈ చప్పుడు పోతుంది కదమ్మా. ఆ తర్వాత నా గుండె ఎవరికి కావాలి? మీరెవరూ నన్ను పిలవరు" అంది, కొట్టులో బట్ట సంగతి మాట్లాడినంత మామూలుగా.

మేమందరం ఆవిడ మీద అరిచాం, ఏడ్చాం, అలిగాం. ఎందుకు అని అడిగిన వాళ్లు మాత్రం మాలో ఒక్కరూ లేరు. ప్రొఫెసరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఆ పిల్ల అత్త చెయ్యి పట్టుకుని, "నేనొస్తానమ్మా. కోటు కుట్టించుకోవాలి" అంది.

"రా మరి. నీకిది ఎవడు కుట్టాడోగానీ, భుజాలు జారిపోతున్నాయి" అంది అత్త.

దారిలో నన్ను ఆనుకుని నడుస్తూ, "ఆసుపత్రిలో నా పేరు రాయించమని మీ నాన్నతో చెప్పవే" అంది. నేను నాన్నతో ఆ మాటొక్కటే చెప్పి ఊరుకోలేదు. గదిలో విన్నదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన బల్ల మీద పరిచిన బట్టను అలాగే వదిలేసి దొడ్లోకి వెళ్లిపోయాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్ని నెలలకు అత్త మెట్లు ఆగకుండా ఎక్కింది. పెదాలకు రంగు వచ్చింది. మళ్లీ నాన్న కత్తిరింపుకు వంకలు పెట్టడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి కోటు కుట్టించుకుని, మరో ఊళ్లో ఉద్యోగానికి వెళ్లింది.

తర్వాతి పరీక్షల రోజు వచ్చింది. పిలుపు రాదని తెలిసినా ఆవిడ పొద్దున్నే తలదువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని మిషను ముందు కూర్చుంది. గేటులోకి వెళ్తున్న పిల్లల్ని చూస్తూ కూర్చుంది తప్ప, మిషను మీద చెయ్యి వెయ్యలేదు. వాళ్లు పరీక్షల కంగారులో ఇటు తలెత్తి చూడలేదు. నేను ఏదో కబురు చెప్పి నవ్వించబోతే, "నువ్వు ఊరుకోవే" అని కసిరింది.

నాన్న కత్తెర కింద పెట్టాడు. వచ్చి అక్క ముందు నేల మీద మోకాళ్లు మడిచి కూర్చున్నాడు. "అక్కా, ఊరంతా విన్నారు. నేనే వినలేదు. నన్నోసారి విననియ్యి" అన్నాడు.

"చాల్లేరా, నీకేం తెలుస్తుంది?" అంది గానీ, వద్దనలేదు. నాన్న ఆవిడ గుండెకు చెవి ఆనించాడు. అత్త ఊపిరి బిగపట్టి, పరీక్షలో అడిగినట్టే, "ఏం వినపడుతోంది?" అని అడిగింది.

"నువ్వే" అన్నాడు నాన్న. ఆ తర్వాత చాలాసేపు తల ఎత్తలేదు.