సిలబస్ ఫెయిర్ చేసి న్యూఆర్క్ వెళ్లాను

నేను ఉండేది పిస్కాటవేలో. న్యూఆర్క్‌లోని ఒక కాలేజీలో ప్రపంచ నాగరికతల చరిత్ర చెప్పే ప్రొఫెసర్‌కి సహాయకురాలిగా కొత్తగా చేరాను. పోయిన వారం ఆవిడ మెయిల్ పెట్టారు: ‘పాత సిలబస్‌ని ఫెయిర్ చేసి శుక్రవారం కమిటీకి తీసుకురా.’ కమిటీ ఒప్పుకుంటే రెండు క్లాసులు నేను చెప్పొచ్చు. లేకపోతే ఏడాదంతా హాజరు తీసుకోవడమే. కాన్వెంటులో సిస్టర్ల దగ్గర పదేళ్లు చదివినదాన్ని, ఫెయిర్ చేయడం నాకొకరు నేర్పాలా? తెల్లకాగితాలకు ఎర్ర మార్జిన్లు గీసి, రెండు రోజులు కూర్చుని గుండ్రంగా రాశాను.

ఉదయం ఏడున్నరకు మా కింది ఫ్లాట్ మూర్తి అంకుల్ ఎడిసన్ స్టేషన్‌లో దింపారు.

“సున్నా మనదేనని రాశావామ్మా?”

“ఒక వాక్యం ఉందంకుల్.”

“సున్నాకి ఒక్క వాక్యమా!”

సున్నాకి అదే ఎక్కువ కదా అందామనుకున్నాను. టికెట్ పది డాలర్ల లోపే, ప్రయాణం ముప్పావుగంట లోపే. దిగాక పావుగంట నడక.

తొమ్మిదిన్నరకు కాగితాలు ఇచ్చాను. ప్రొఫెసర్ పేజీలు తిప్పి చూశారు.

“ఇది చేత్తో రాశావా?”

“ఫెయిర్ చేయమన్నారు కదా మేడమ్.”

“ఫెయిర్ అంటే, అన్ని నాగరికతలకూ న్యాయం జరిగేలా మార్చమని!”

నేల చీలలేదు. ఆ కాలేజీ భవనం గట్టిది.

కమిటీలో ఒక పెద్దాయన నవ్వు ఆపుకుంటూ, “చెయ్యి నొప్పెట్టలేదా?” అన్నారు.

“గ్రీసు, రోములకు పెట్టిందండీ. పదకొండు పేజీలు, రెండు రీఫిల్స్. ఇండియా, చైనా, ఆఫ్రికా కలిపి అర పేజీ. దానికి మార్జిన్ గీయడానికే ఎక్కువ సేపు పట్టింది.”

అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. “టైపులో ఇన్నాళ్లూ ఇది కనబడలేదు,” అంటూ ప్రొఫెసర్ ఎర్ర పెన్ను తీసి, నా గుండ్రటి అక్షరాల మీద అడ్డంగా కొట్టేశారు. ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నానికి సిలబస్‌లో అన్ని నాగరికతలకూ రెండేసి వారాలు వచ్చాయి. నాకు నా రెండు క్లాసులూ వచ్చాయి.

సాయంత్రం అంకులే స్టేషన్‌కి వచ్చారు.

“మనకెన్ని వారాలు?”

“రెండు. చైనాకీ రెండే.”

“మరి సున్నా?”

“ఉందంకుల్. మన దగ్గర బయల్దేరి, అరబ్బుల దగ్గర ఆగి, యూరప్ చేరుతుంది.”

“ట్రాన్సిట్ వీసా అడగలేదు కదా?”

బళ్లో ఒక్క కొట్టివేత ఉన్నా ఫెయిర్ కాదనేవారు. ఇప్పుడు నా బల్ల మీద ఎర్రగీతలతో నిండిన కాగితాలున్నాయి. ఇంత ఫెయిర్‌గా నేనెప్పుడూ రాయలేదు.

ఒక సలహా: ఎడిసన్ స్టేషన్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, తెలిసినవాళ్లెవరినైనా దింపమనండి. సున్నా గురించి జవాబు మాత్రం సిద్ధం చేసుకుని కారెక్కండి.