మునగాకు తిన్న కోళ్ళు

మైపాడు సముద్రానికి పోయే దారిలో గుల్నాజ్ ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో రెండు వందల బ్రాయిలర్ కోళ్ళు. దాణా పెట్టేదీ, కింద పరిచిన వరిపొట్టు తిరగేసేదీ ఆమే. "బీఎస్సీ చదివి కోళ్ళకు కాపలానా?" అని చుట్టాలు ఎగతాళి చేస్తే, "కాలేజీలో కప్పను కోసినాను, ఇప్పుడు కోడిని పెంచతన్నాను, ఎదిగినట్టే గదా" అని నవ్వేసేది.

ఆకు సంగతి ఆమె కూతురు సుమయ్య వల్ల మొదలైంది. రెండేళ్ళ పిల్ల. ఒకసారి జ్వరం వచ్చి పది రోజులు తగ్గలేదు. ఇచ్చిన మందుకు క్రిములు అలవాటు పడిపోయాయి, మార్చాలన్నారు డాక్టరు. సీసా మీది పేరు చదివి గుల్నాజ్ నిలువునా నీరైపోయింది. కోళ్ళకు రోగం రాకుండా వాటి నీళ్ళలో తాను కలుపుతూ వచ్చిన పొడి డబ్బా మీదా అదే పేరు. తప్పు తనదో కాదో తేల్చే దారి లేదు. ఆ డబ్బా మాత్రం మళ్ళీ తెరవలేదు.

తరవాత తెచ్చిన కోడిపిల్లలకు మునగాకు దూసి నీడన ఆరబెట్టింది. సముద్రపు తేమకు సగం బూజు పట్టేది. పారేసి మళ్ళీ దూసేది. ఎండినది పొడి కొట్టి, నూరు పాళ్ళ దాణాకు ఐదు పాళ్ళు కలిపింది. కోళ్ళు ఏ రోగమూ లేకుండా ఎదిగాయి. ఒక పెళ్ళి తరవాత పెట్టే వలీమా విందుకు అన్నీ తీసుకుంటానని వంటమేస్త్రీ బడేసాహెబ్ మాట ఇచ్చాడు.

విందుకు ముందురోజు ఉదయం ఆయన వచ్చి, అలవాటు ప్రకారం ఒక కోడిని హలాల్ చేసి తోలు ఒలిచాడు. చెయ్యి ఆగిపోయింది. లోపలి కొవ్వంతా పసుపు ముద్దలా ఉంది.

"ఏంది బేటీ ఇది? కోడికి కామెర్లా?"

"కాదు చాచా, ఆకు రంగు. తిన్న ఆకులోని పసుపు కొవ్వులో నిలబడిపోద్ది. కార్జం చూడండి, ఒక్క మచ్చన్నా ఉందా?"

బడేసాహెబ్ కార్జాన్ని వెలుగులో తిప్పి చూశాడు. "నువ్వు చెప్తే నాకు తెలిసింది. నాటుకోడి పచ్చగా ఉంటే బలమంటారు, ఫారంకోడి పచ్చగా ఉంటే రోగమంటారు. వెయ్యిమంది తినే చోట ఒక్కడు ముక్క పక్కకు తోసినా నా పేరు పోద్ది. అందరికీ నువ్వొచ్చి పాఠం చెప్తావా?"

"చెప్తాను."

ఆయన జాలిగా నవ్వాడు. "వేరే చోట తెల్లకొవ్వు కోళ్ళు చూసుకుంటాలే. ఏమనుకోబాక."

ఆ సాయంత్రం ఆమె రెండు చికెన్ కొట్లకు వెళ్ళింది. కబురు ఆమె కన్నా ముందే చేరింది. "కామెర్ల కోళ్ళా అక్కా?" అన్నాడు రెండో కొట్టతను, కత్తి ఆపకుండానే.

మే నెల ఎండ. అమ్ముడుపోవలసిన వయసు దాటి బరువెక్కిన కోళ్ళు రేకుల కింద నోళ్ళు తెరుచుకుని ఎగరొప్పుతున్నాయి. గోనెపట్టాలు తడిపి చుట్టూ కట్టింది. గంటలో ఆరిపోయాయి. మూడో రోజు మధ్యాహ్నానికి పదకొండు చచ్చాయి. చచ్చినవి తినరాదు. గోతిలో వేసి మన్ను కప్పింది.

"అన్నీ మట్టిపాలు చేస్తావా? ప్రాణం ఉండగానే ఒకటి కోయించు, వండుతా" అంది అత్త షాహిదాబీ.

పులుసు పసుపుగా తేలింది. అది కూర పసుపో, కొవ్వు పసుపో తెలియలేదు. గుల్నాజ్ అన్నం కలిపి ముద్ద చేసింది. మందు లేని ఈ ముద్ద కోసమే కదా అంత ఆకు దూసింది. సుమయ్య నోరు తెరిచి తింది, ఇంకో ముద్ద అడిగింది. పెడుతూనే గుల్నాజ్ ఎడమచేతి బొటనవేలితో పిల్ల కింది రెప్ప లాగి, కంటి తెలుపు చూసింది.

"ఏం చూస్తన్నావే?" అంది అత్త.

"ఏం లేదత్తా."

మళ్ళీ చూసింది. షెడ్డులో మరో కోడి రెక్కలు టపటపా కొట్టుకోవడం వినపడి, కంచం అత్త చేతికిచ్చి లేచింది.