ఇరుసు మీద గాడి

ఆ వీధివారందరూ ఆమెను లారీ వదిన అనేవారు. వరస కలిసినవారూ అలాగే పిలిచేవారు, కలవనివారూ అలాగే పిలిచేవారు, చివరకు ఆమెకంటె పదేళ్లు పెద్దవాడైన పాలవాడు సైతం గేటు దగ్గర నిలబడి "లారీ వదినా, గిన్నె!" అని కేకవేసేవాడు. ఆ పిలుపులో మన్నన పాలెంతో, వెక్కిరింత పాలెంతో ఆమె ఏనాడూ వేరుచేసి చూడలేదు. ఆడమనిషి లారీ నడుపుతున్నదని కిటికీలలోనుంచి తొంగిచూసిన వీధే, తరువాతి కాలంలో గోడ లేపవలసి వచ్చినప్పుడల్లా ఇటుక కోసం ఆమె గుమ్మం ముందు నిలబడింది.

బండి నేర్పినవాడు భర్తే. క్లీనరు చెప్పాపెట్టకుండా మానేసిన ఏడు, పక్క సీటు ఖాళీగా పోతున్నదని ఆమెను ఎక్కించుకొన్నాడు. తిట్టకుండా ఏ పనీ నేర్పలేని మనిషి గనుక తిట్టుకొక పాఠం చొప్పున స్టీరింగు పట్టడం, గేరు మార్చడం, జాకీ ఎత్తడం, బేరింగులో గ్రీజు కూరడం అన్నీ నేర్పాడు. "పిల్లికూనను పట్టుకున్నట్టు పట్టుకుంటావేమిటే దాన్ని? అదేం కరవదులే!" అనేవాడు. ఆమె పకపకా నవ్వేది. ఆ రోజులలో ఆ తిట్లలో తడి ఉండేది.

ఒకనాటి ఉదయం పళ్లు తోముకొంటున్నవాడు తోముకొంటున్నట్టే కూలబడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు మాత్రం చెక్కు చెదరలేదు. "ఒంట్లో సగం పోయింది గానీ, పోవలసిన సగం పోలేదు" అని ఆమె పొరుగింటావిడతో ఒకసారి అన్నది. అన్న మరుక్షణమే నాలుక కరచుకొన్నది.

నాటినుంచి బట్టీ దగ్గర ఇటుక ఎత్తించుకొని, కట్టుబడి జరిగే చోట దింపి, సాయంత్రానికి బండిని రేకుల కప్పు కిందికి చేర్చడం ఆమె పని అయింది. ఆ కప్పుకు ఎదురుగా వరండాలో కుర్చీ వేయించుకొని, ఆమె బండిని వెనక్కు తిప్పే తీరును, తలుపు మూసే చప్పుడును, చక్రాలకంటిన బురదను సైతం తప్పుపట్టడం ఆయన పని అయింది. ఇంటిలో ఏ మూల నిలుచున్నా ఆయన గొంతు చెవినబడేది. ఇంజను తిప్పి గేటు దాటిన తరువాత మాత్రమే వినబడేది కాదు. అందువల్ల ఆమెకు ఆ డ్రైవరు సీటంటే ప్రాణం. చిరిగిన చోటల్లా తన పాత చీర ముక్కలతో తానే కుట్టుకొన్నది. గుమ్మం పక్కనున్న మేకునుంచి తాళం తీసుకొనేటప్పుడు, గుప్పిట్లో అది చల్లగా తగలగానే, ఆమె నడకే మారిపోయేది.

ఇలా ఉండగా ముందు ఎడమ చక్రం కారడం మొదలుపెట్టింది. ఇరుసుకూ, చక్రం నడిబొడ్డైన హబ్బుకూ నడుమ గ్రీజును ఆపే రబ్బరు కట్టు, సీలు, పాడైతే, వేడికి పలచబడ్డ గ్రీజు లోపలి వైపుకు జారి బ్రేకు లైనింగుకు పట్టుకొంటుంది. ఇటుక లోడుతో వస్తూ బ్రేకు నొక్కితే బండి కుడి పక్కకు గుంజేది. చక్రం లోపలి అంచు నల్లగా నిగనిగలాడేది.

ఆమె చక్రం విప్పి కొత్త సీలు వేసింది. ఆయన కుర్చీలోనుంచే అజమాయిషీ చేశాడు. "పూర్తిగా దించు! హబ్బు అంచుకు సమానంగా రావాలి. చెయ్యి పెడితే మెట్టు తగలకూడదు." ఆమె అలాగే దించింది. వారం తిరక్కుండా మళ్లీ కారింది. మళ్లీ విప్పి, మరొకటి వేసింది, మళ్లీ ఆయన చెప్పినట్టే వేసింది, అదీ కారింది.

"నీకు చేతకాదని ఒప్పుకోవే," అన్నాడు. "సీలు వెయ్యడమంటే దిండుకు గలీబు తొడగడమనుకున్నావా?"

"మీరు చెప్పినట్టేగా వేశాను."

"నేను చెప్పినట్టు వేస్తే ఎందుక్కారుతుంది? ముప్పయ్యేళ్లు వేశాను నేను. ఇదిగో చూడు, ఇంకొక్కసారి కారిందా, తమ్ముణ్ని పిలిచి తాళం చేతిలో పెట్టేస్తాను. వాడైనా దాన్ని బండిలా చూసుకుంటాడు."

తమ్ముడంటే ఆమె మరిది. పొరుగూరిలో పరుల లారీలు నడిపేవాడు. వచ్చినప్పుడల్లా అన్నగారి యోగక్షేమాలకు ముందు బండి టైర్లను పలకరించేవాడు. తాళం మాట వినగానే ఆమె గుండెలో రాయి పడింది.

మూడవసారి చక్రం విప్పిననాడు వరండాలో ఎండ పడడంవల్ల ఆయన లోపలి గదిలో పడుకొని ఉన్నాడు. వెనక చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డుపెట్టి, జాకీ ఎత్తి, ఇరుసు కింద ఇనుప స్టాండు నిలిపి, పానాకు పొడవాటి గొట్టం తొడిగి, తన బరువంతా మోపి నట్లు వదులుచేసింది. చక్రం, డ్రమ్ము, హబ్బు ఒకదాని వెనుక ఒకటి నేలకు దిగాయి. పాత సీలును పెకలించి పారవేసి, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో ఇరుసును తుడవసాగింది. ఇంతకుముందు రెండుసార్లూ ఆయన "కానీ, కానీ" అని తరుముతుండగా తుడిచీ తుడవనట్లు కానిచ్చిన చోటది. ఈసారి తరిమేవారు లేరు. తీరికగా, పసిపిల్లకు చెవుల వెనుక తుడిచినట్లు తుడిచింది. తుడుస్తుండగా గోరు ఎక్కడో పట్టింది.

వెనక్కు తీసి మళ్లీ జరిపింది. మళ్లీ అక్కడే పట్టింది. వెలుతురుకు తల వంచి చూస్తే ఇరుసు చుట్టూ దారం చుట్టినట్లు సన్నని గాడి. ఏళ్ల తరబడి సీలు లోపలి అంచున ఉండే పెదవి అదే చోట ఒరుసుకొని ఒరుసుకొని, మెత్తని రబ్బరు గట్టి ఉక్కును తినివేసింది. కొత్త సీలును అంచుదాకా దింపిన ప్రతిసారీ దాని పెదవి సరిగ్గా ఆ గాడిలోనే కూర్చుంటున్నది. కూర్చున్న చోట ఆనిక లేక గ్రీజును వదిలివేస్తున్నది. లోపం సీలుది కాదు, చేతిదీ కాదు. పూర్తిగా దించమన్న ఆ మాటది.

ఆమె అలాగే నేలమీద చతికిలబడి చాలాసేపు గోటితో ఆ గాడిని తడుముతూ ఉండిపోయింది. తరువాత కొత్త సీలు తీసుకొని, చెక్కముక్క అడ్డుపెట్టి, చుట్టూ ఒక్కతీరుగా తట్టుతూ దించింది. అంచుకు ఇంకా వడ్లగింజ మందం మిగిలి ఉండగానే సుత్తి కింద పెట్టింది. ఇప్పుడు పెదవి గాడికి ఇవతల, నున్నని ఉక్కు మీద నిలుస్తుంది. బేరింగులో గ్రీజు కూరి, నట్టు బిగించి, కాస్త వదిలి, పిన్ను వంచి, అన్నీ యథాస్థానంలో చేర్చేసరికి ఆయన లేచి కూర్చున్నాడు.

"దించావా?" అన్నాడు లోపలినుంచి.

"దించాను."

"పూర్తిగా?"

"ఎంత దించాలో అంతా దించాను."

నెల గడిచింది. చక్రం లోపలి అంచు పొడిగా, దుమ్ముపట్టి ఉన్నది. ఆ దుమ్మును చూసి ఆమె పొందినంత సంతోషం ఏ నగను చూసీ పొంది ఎరుగదు. రోజూ సాయంత్రం బండి నిలిపి, వంగి, చూపుడువేలితో అక్కడ రాసి, వేలు చూసుకొనేది. ఆయన కూడా ఒకనాడు కర్ర ఊతంతో బండిదాకా నడిచి, వంగలేక, ఆమె వేలినే చూశాడు.

"చూశావా? నేను చెప్పినట్టు దించేసరికి ఎలా కట్టేసిందో! ముందు రెండుసార్లూ నువ్వు సరిగ్గా కొట్టలేదన్నమాట," అన్నాడు.

ఆమె పెదవి కదిపింది. నిజం చెబితే ఇల్లు దద్దరిల్లుతుంది. చెప్పకపోతే తాళం మేకునే ఉంటుంది. ఆ లెక్క వేసుకొని నోరు మూసుకొన్నది. అది ఆమె చేసిన తప్పు అనుకొంటే తప్పే.

ఎందుకంటే ఆ మరుసటి వారమే మరిది సంచీతో దిగాడు. ఆయనే కబురుపెట్టి పిలిపించాడు.

"కారితే కదండీ ఇస్తానన్నారు?" అన్నది ఆమె, అన్నం వడ్డిస్తున్న గరిటె చేతిలో ఉండగానే. "ఇప్పుడు కారడం లేదుగా."

"కారే బండిని ఎవడు నడుపుతాడే? ఇప్పుడు బాగైంది గనకే వాణ్ని రమ్మన్నా. దూరం లోడ్లు కొడతాడు. నువ్వింక ఇంటిపట్టున ఉండి నా సంగతి చూడు."

"వదినకీ కాస్త విశ్రాంతి దొరుకుతుంది," అన్నాడు మరిది, పచ్చడి కలుపుకొంటూ. "ఇంతకాలం మగాడిలా చాకిరీ చేసింది, పాపం."

"పాపమని నేనెవరికైనా చెప్పానా?" అన్నది ఆమె. ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

తెల్లవారి మరిది దూరప్రయాణం కదా అని ముందు చక్రాలు విప్పాడు. ఎడమ హబ్బు వెనక్కు తిప్పి చూసి, "అన్నయ్యా, ఇదేమిటి, సీలు పైకి తేలి ఉంది!" అని అరిచాడు.

ఆమె తడిచేతులతో పరుగున వచ్చింది. "కొట్టకు. కావాలనే అలా వదిలాను. ఇరుసు మీద గాడి పడింది, కావాలంటే గోరుపెట్టి చూడు. పూర్తిగా దించితే మళ్లీ కారుతుంది."

వరండాలో కుర్చీ కిర్రుమన్నది. "అంటే ఏమిటి? నాకు అబద్ధం చెప్పావా? సగం దించి వదిలేసి, పైగా కావాలనేనట! ముప్పయ్యేళ్లు నేను వేసినవన్నీ తప్పేనన్నమాట. కొట్టరా నువ్వు!"

మరిది అన్నవంకా వదినవంకా చూశాడు. చెక్కముక్క పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. సీలు అంచుకు సమానంగా వచ్చింది. ఇరుసు మీద గోరు పెట్టి చూడలేదు. చూస్తే వదిన మాట విన్నవాడవుతాడు.

బండి గేటు దాటుతుంటే ఆమె వెంటబడి అద్దం తట్టింది. "బ్రేకు కుడికి గుంజితే ఆపెయ్. లోడుతో మాత్రం నడపకు, నా మాట విను," అన్నది. అతడు తల ఊపాడు. మేకు ఖాళీగా ఉన్నది. ఆ పూట ఆమె గుమ్మం దాటిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే అటుపోయి వెనక్కు వచ్చింది.

పది రోజులైనా కాకముందే బండి తిరిగి వచ్చింది. చక్రం లోపలి అంచంతా నల్లగా నిగనిగలాడుతున్నది. దారిలో బండి కుడికి గుంజి డివైడరును రాసుకొన్నదట; ముందు బంపరు వంగి ఉన్నది. దేవుడి దయవల్ల మనిషికేమీ కాలేదు.

"నువ్వేసిన సీలే వదినా," అన్నాడు మరిది దిగుతూనే, ఆమె ముఖంలోకి చూడకుండా.

"ఆడదాని చేతి పని అలాగే ఉంటుంది," అన్నాడు ఆయన కుర్చీలోనుంచి. "ఆనాడే అనుమానపడ్డాను."

ఆమె స్టాండు తెచ్చి పెట్టింది, పానా అందించింది. హబ్బు దిగిన తరువాత ఇరుసు తుడిచి, మరిది చెయ్యి పట్టుకొని, అతని గోరును సరిగ్గా ఆ చోట ఆనించింది. "జరుపు," అన్నది.

అతడు జరిపాడు. గోరు పట్టింది. మళ్లీ జరిపాడు. అతని ముఖంలో రంగు మారడం ఆమె చూసింది. ఆ మార్పు ఆమె కళ్లబడిందని అతడికీ తెలిసింది.

"ఏమిట్రా, ఏముందక్కడ?" అన్నాడు అన్న వరండాలోనుంచి.

మరిది చెయ్యి వెనక్కు తీసుకొన్నాడు. బండి అన్నగారిది, తాళం అన్నగారు ఇచ్చినది. "ఏం లేదన్నయ్యా. ఇరుసు బాగానే ఉంది. సీలే సరిగ్గా పడలేదు," అన్నాడు.

"అనుకున్నా! ఇంకొకటి తెచ్చి వెయ్యండి. ఒసే, ఈసారైనా నేను చెప్పినట్టు పూర్తిగా దించు."

ఆమె లేచింది. సుత్తిని నేలమీదినుంచి తీయలేదు. పెరటి కుళాయి దగ్గరకు పోయి సబ్బుపొడి వేసి చేతులు తోమసాగింది. గోళ్ల సందులలో చేరిన గ్రీజు అంత సులభంగా వదలదు. ఒక్కొక్క గోరే, ఒక్కొక్క గోరే తోముతూ ఉన్నది.

కొంతసేపటికి వెనుక అడుగుల చప్పుడైంది. మరిది. అన్నకు వినబడని దూరం చూసుకొని నిలిచి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"వదినా... అది ఎంతవరకు దించి ఆపాలి?"

ఆమె కుళాయి కట్టింది. చేతులు కొంగుకు తుడుచుకొన్నది.

"నన్నడుగుతావేం?" అన్నది. "మీ అన్నయ్యనడుగు. వరండాలోనే ఉన్నారు."