పచ్చరాయి కింది చీటీ

బాలాత్రిపురసుందరి మొహం మీలో ఎవరూ చూసి ఉండరు. ఆమె చేతిరాతని మాత్రం చూడనివాళ్ళు తక్కువ. సినిమాలో హీరోయిన్ కన్నీళ్ళు పెట్టుకుంటూ ఉత్తరం రాస్తుందే, అప్పుడు తెర నిండా కనిపించే ఆ అక్షరాలూ, గాజులేసుకున్న ఆ చెయ్యీ పన్నెండేళ్ళుగా సుందరివే. ఫిల్మ్‌నగర్‌లో ఎవరికి తాతల నాటి వీలునామా కావాలన్నా, దెయ్యం గోడ మీద రాసిన హెచ్చరిక కావాలన్నా, బోరబండ గుట్ట మీది ఆమె ఇంటికే కబురొస్తుంది. తలరాత ఎలా ఉన్నా చేతిరాత బాగుందిలే అని తన మీద తనే నవ్వుకునే మనిషి.

అంతకు ముందు ఇరవై రెండేళ్ళు ఆమె ఒక కాలేజీలో రాళ్ళకి చీటీలు రాసింది. భూగర్భశాస్త్రం విభాగంలో గోడ పొడుగునా చెక్క బీరువాలు, వాటి నిండా అరలు, అరకొక రాయి, రాయి కింద చీటీ. ప్రొఫెసర్ సత్యనారాయణమూర్తి గారు చెబుతుంటే సుందరి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేది. రాయికి కులగోత్రాలు చెప్పకుండా అరలో పెట్టకూడదనేవారు ఆయన. రంగు చూసి పేరు పెట్టేవాడు పెళ్ళిచూపుల్లో పట్టుచీర చూసి పిల్లని ఒప్పుకున్నవాడితో సమానమని కూడా అనేవారు. గీకి చూడాలి, పలక మీద గీత గీసి చూడాలి, బొగ్గు మీద కాల్చి వాసన చూడాలి, అప్పుడు పేరు.

అక్కడ ఆర్సెనిక్ ఖనిజాల బీరువాలో మూడో అరలో ఒక పచ్చరాయి ఉండేది. గోధుమరంగు రాతి చెక్క మీద బొటనవేలి కొసంత స్ఫటికం నిటారుగా నిలబడి ఉండేది. పచ్చ అంటే మరకతం పచ్చే, గాజులాంటి మెరుపే. కానీ మరకతం గాజుని గీస్తుంది. దీన్ని మామూలు చాకుతోనే గీయవచ్చు. లోపల ఉన్నది రాగీ, ఆర్సెనిక్ అనే పాషాణమూ, కొంత నీరూ. పేరు యూక్రోయిట్. ఎక్కడో యూరప్ కొండల్లో తప్ప దొరకదని మూర్తి గారు దాన్ని పసిపిల్లలా చూసుకునేవారు. దాని చీటీలో ఆఖరి మాట ఎర్రసిరాతో రాయించారు: విషం.

పన్నెండేళ్ళ కిందట ఒక సినిమా ఆర్ట్ డైరెక్టర్ కాలేజీకొచ్చి, బీరువాలన్నీ చూసి ఆ రాయి ముందు ఆగిపోయాడు. కథలో మరకతలింగం ఉందట, రెండు రోజుల షూటింగుకి రాయి అరువు కావాలట. మూర్తి గారు ఊళ్ళో లేరు. కెమెరా వంగినప్పుడు కింద కాగితం కనిపిస్తుంది, అది తీసెయ్యండన్నాడు. అంటూనే ఆమె రాత చూసి, హీరోయిన్ ఉత్తరం మీచేతే రాయిస్తానన్నాడు. అంతే, సుందరి తడిదూది తెచ్చి, పాత జిగురు నానబెట్టి, తన చీటీని తనే ఒలిచేసింది. మనిషన్నాక ఆశ ఉంటుంది. ఆ పూట ఆమెకి బుద్ధికంటే ఆశ ఒక మెట్టు పైన కూర్చుంది.

ఉత్తరం తెర మీదికొచ్చింది, రాయి బీరువాలోకి రాలేదు. సినిమా ఆడేసరికి, రాయి కలిసొచ్చిందని నిర్మాత రామకృష్ణ గారే ఉంచేసుకున్నారని తెలిసింది. సినిమావాళ్ళ సెంటిమెంటుకి ఎదురు చెప్పి గెలిచినవాడు లేడు. అద్దాల అలమరలో పెట్టుకుని ఉంటారులే అనుకుంది సుందరి. అనుకుందే గాని వెళ్ళి అడగలేదు. అడిగితే చీటీ సంగతి బయటికొస్తుంది. రిజిస్టర్‌లో ‘పోయింది’ అని రాసింది. మూర్తి గారు ఆ ఖాళీ అర ముందు చాలాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఆ ఏడాదే సుందరి ఉద్యోగం మానేసింది. ఊడదీసిన చీటీ మాత్రం కళ్ళజోడు పెట్టెలో ఉండిపోయింది. కళ్ళజోడు తీసినప్పుడల్లా ఎర్రసిరా ఆమెని చూసేది. కలలోకి కూడా ఆ ఖాళీ అరే వచ్చేది.

మొన్న మార్చిలో రామకృష్ణ గారింటి డ్రైవర్ బాబీ కారు తెచ్చాడు. ఆయన భార్య లీలాకుమారి పోయి ఏడాది కావొస్తోంది, సంవత్సరీకం నాటికి ఒక రాగిరేకు రాయాలట. జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కుతుండగా బాబీ అద్దంలో ఆమెని చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, గా ఇంట్ల జర పైలం. పెద్దమ్మ పోయినంక రోజూ పొద్దుగాల పూజగదిలకెల్లి ఎల్లిగడ్డ వాసనొస్తది. పెద్దమ్మ పన్నెండేండ్లాయె ఎల్లిగడ్డ బంద్ చేయించి. ఆమెనే తిరుగుతున్నదంటున్రు."

సుందరి సీట్లో ముందుకి జరిగింది. ఆర్సెనిక్ ఉన్న రాయి బొగ్గు మీద కాలితే వచ్చేదీ ఆ వెల్లుల్లి వాసనే. దాని పేరు అదే చెప్పుకుంటుందని మూర్తి గారు ఎన్నిసార్లు చెప్పారో.

ఇంట్లో కోడలు హరిణి మర్యాదగా పూజగదికి తీసుకెళ్ళింది. వెండి పానవట్టంలో ఆ రాయి. పాలు, పెరుగు, తేనె, ఆఖరున చెంబెడు నీళ్ళు. ఎక్కడో అలమరలో ఉందనుకున్న రాయికి పన్నెండేళ్ళుగా రోజూ అభిషేకం జరుగుతోంది. అత్తగారు మొదలుపెట్టారనీ, ఆ నియమంతోనే ఇంట్లో వెల్లుల్లి మాన్పించారనీ, ఆవిడ పోయాక తను చేస్తున్నాననీ హరిణి చెప్పింది. రాగిరేకు మీద ‘మరకతలింగం’ అని రాయాలట, సంవత్సరీకానికొచ్చే రెండు వందల మందికీ తీర్థం ఇవ్వాలట. స్వామి రోజురోజుకీ నున్నబడుతున్నారు చూడండి, ఎంత దయో, అంది.

సుందరి చూసింది. ఒకప్పుడు వేలికి గుచ్చుకునే అంచులు చప్పరించిన పటికబెల్లంలా అరిగిపోయాయి. మరకతం పెరుగుకి అరగదు. అరిగినదంతా రోజూ తీర్థంలోకే పోయింది.

హరిణి ఉద్ధరిణితో ఆమె అరచేతిలో తీర్థం పోసింది. పక్కన హరిణి కూతురు, నాలుగేళ్ళ భువన అప్పుడే చెయ్యి చాపింది, అలవాటైన పిల్ల. నోరు తెరిస్తే పన్నెండేళ్ళ తప్పు బయటపడుతుంది. నోరు మూసుకుంటే ఆ చిన్న అరచెయ్యి నోటి దాకా వెళుతుంది. సుందరి తన చేతిలో తీర్థం పళ్ళెంలోకి ఒంపేసి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"తాగించకండమ్మా. ఇది మరకతం కాదు, విషం. ఆ సంగతి రాసిన చీటీని నేనే ఊడదీశాను."

హరిణి మొహం ఎర్రబడింది. స్వామిని పట్టుకుని ఏం మాటలండీ అంది. సుందరి వాదించలేదు. ధూపంలో ఏం వేస్తారని అడిగింది. అభిషేకం పూలు పారబోయడం ఇష్టం లేక, అత్తగారు పోయాక హరిణే వాటిని ఎండబెట్టి పొడిచేసి నిప్పుల మీద వేస్తోందట. తలుపులన్నీ తెరిపించి, ముందు ఉత్త సాంబ్రాణి వెయ్యమంది సుందరి. సాంబ్రాణి వాసనే వచ్చింది. తర్వాత ఆ పూలపొడి చిటికెడు వేయించింది. గది నిండా వెల్లుల్లి వాసన లేచింది.

సుందరి కళ్ళజోడు పెట్టె తెరిచి చీటీ ఇచ్చింది. హరిణి ఎర్రసిరా దాకా చదివి, పిల్లని గట్టిగా దగ్గరికి లాక్కుంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు సుందరి అనుకున్న ఏడుపు కాదు.

"అత్తయ్య నోట్లో చివరి ఏడాదంతా ఇదే వాసనండీ. నియమం పెట్టి దొంగచాటుగా తింటున్నారన్నాను. అందరి ముందూ అన్నాను. అరచేతుల నిండా మచ్చలు, కాళ్ళు తిమ్మిర్లు, ఆ చేతులే పట్టుకుని నేను ముట్టలేదమ్మా, ముట్టలేదమ్మా అన్నారు. నమ్మలేదు."

లీలాకుమారి ప్రాణం ఈ రాయే తీసిందని ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. వయసన్నారు, నరాలన్నారు, ఏడాది కిందటే దహనమైపోయింది. తేలని ఆ సంగతి ఇంక ఈ ఇద్దరి దగ్గరే ఉండిపోతుంది.

భువనని ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఒంట్లో కొద్దిగా ఉందనీ, తీర్థం ఆపితే తగ్గుతుందనీ డాక్టర్ చెప్పాడు. మూడో రోజు రాయిని రామకృష్ణ గారే గాజుడబ్బాలో పెట్టించి కాలేజీకి పంపారు. మూర్తి గారు అప్పటికే కాలం చేశారు. మూడో అరలో రాయిని పెట్టి, కొత్త చీటీ రాసి, సుందరి ఆ అర ముందు ఆయన నిలబడ్డంతసేపూ నిలబడింది. వెల్లుల్లి వాసన మాత్రం ఇప్పటికీ ఆమెని వదల్లేదు. ఎవరింట పోపు పెట్టినా పనులాపి బయటికి వచ్చేస్తుంది.

చెక్కించాల్సిన రాగిరేకు మిగిలిపోయింది. ఏం రాయమంటారని సుందరి అడిగితే హరిణి ఒకే వాక్యం చెప్పింది.

సంవత్సరీకానికి వచ్చినవాళ్ళు లీలాకుమారి ఫోటో కింద ఆ రేకు చదివి, అర్థం కాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయనుకున్నారు. దాని మీద ఉన్నదింతే: ‘ఈవిడ వెల్లుల్లి ముట్టలేదు.’