మామను రెండోసారి పోగొట్టిన మూడు నట్లు

మా మామ మొదటిసారి పోయింది గుండె ఆగి. రెండోసారి పోయింది నా చేతిలోని పన్నెండో నంబరు స్పానర్ వల్ల. మొదటిసారి ఊరంతా వచ్చి ఏడ్చింది. రెండోసారి మా అత్త ఒక్కతే ఏడ్చింది, అదీ నా ముఖం చూస్తూ. ఇరవై మూడేళ్ల వయసులో, ఆటోమొబైల్ ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చిన కొత్తలో, నేను ఈ ఘనకార్యం ఎలా సాధించానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మధ్యలో ఎక్కడైనా మెడ వెనక చల్లగా తగిలితే మాత్రం నన్ను అడగకండి. దానికి జవాబు నాకూ తెలియదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఉడుమలైపేట దాటాక కొబ్బరితోపుల మధ్య ఇల్లు, ఇంటి పక్కనే గ్రైండర్లు తయారుచేసే చిన్న వర్క్‌షాపు. పిల్లలు లేరు. పిల్లల మీద పెట్టాల్సిన ముద్దంతా ఒక కారు మీద పెట్టాడు. దాని పై బాడీ మన దేశపు పాత కారుది. లోపలి ఇంజన్ మాత్రం జపాను నుంచి వచ్చిన రోటరీ. మామూలు ఇంజన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటాయి కదా, ఇందులో ఆ బాధ లేదు. మూడు మూలల ఇనుప దిమ్మ ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

"ఇదీ గ్రైండరే పాపా! పిండికి బదులు పెట్రోలు రుబ్బుతాది, అంతే" అనేవాడు మామ.

కోయంబత్తూరులో దావీదన్న అని ఒక మెకానిక్ ఉన్నాడు. మా తెలుగువాడే. ఆయనా మామా కలిసి ఆ ఇంజన్‌ను ఈ బాడీలో ఇరికించారు, సైలెన్సర్ పీకేసి నా చెయ్యి పట్టేంత లావు గొట్టం బిగించారు. అందుకని అది మెల్లగా నడిచినా దెబ్బలాటకు వచ్చినట్టే ఉండేది.

మామ పోయిన రెండేళ్లకు నేను ఆ కారు మీద కన్నేశాను. కోయంబత్తూరులో పాత కార్ల మేళా జరగబోతోంది. "మా మామ కారు తెస్తా, చూసి కుళ్లుకోండి" అని స్నేహితులకు ముందే చెప్పేశాను. అత్త దగ్గరికి వెళ్లి తాళం అడిగితే చేతిలో పెట్టింది. అప్పటికి ఆమె సగం మనిషి అయిపోయి ఉంది. పొద్దున ఒక గ్లాసు కాఫీ, రాత్రి ఇంత మజ్జిగన్నం, అంతే. ఎవరు పలకరించినా "ఊ" తప్ప రెండో మాట లేదు. అదంతా చూశాను. చూసి ఏం లాభం, నా ధ్యాసంతా కారు మీదే.

బ్యాటరీ మార్చి, ఆయిలు మార్చి, ఒక మిట్టమధ్యాహ్నం కారు బయటికి తీశాను. పళని రోడ్డు దాకా వెళ్లి తిరిగొస్తున్నాను. మా తోటకు మలుపు తిరిగాక రోడ్డు కాలవ వంతెన వైపు పల్లంగా దిగుతుంది. ఎండ మండిపోతోంది. రోడ్డు మీద పురుగు లేదు. దూరాన గాలిమరలన్నీ ఒక్కటి కూడా తిరగకుండా నిలబడి ఉన్నాయి. పల్లం కదా అని యాక్సిలేటర్ మీంచి కాలు తీశాను.

వెనక నుంచి "ఖు... ఖు..." అని రెండు చిన్న దగ్గులు. ఆ వెంటనే "ఢాం!"

కొబ్బరిచెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి. నా చేతుల మీది వెంట్రుకలూ లేచాయి. ఎందుకంటే ఆ దగ్గు నాకు తెలుసు. రెండు చిన్నవి, ఒక పెద్దది. మామ దగ్గేది సరిగ్గా అలాగే. పైగా ఆయనకు గుండెనొప్పి వచ్చి కారు ఆపుకున్నది ఆ వంతెన దగ్గరే.

ఇంటి ముందు ఆపేసరికి అత్త గుమ్మంలో నిలబడి ఉంది. నావైపు కాదు, నా పక్క సీటు వైపు చూస్తోంది. ముఖం కడుక్కుని బొట్టు కూడా పెట్టుకుంది. లోపల పొయ్యి మీద దోశ కాలుతోంది. మధ్యాహ్నం అన్నం తినే వేళకు దోశ ఏమిటి? బల్ల మీద రెండు పళ్లేలు.

"కూర్చోండి" అంది అత్త.

నన్ను పుట్టిన్నాటి నుంచి "ఏమే, ఒసే" అని పిలిచే మనిషి! ఇంజనీరును కదా, మర్యాద పెరిగింది అనుకున్నాను. మురిసిపోయి రెండు పళ్లేలూ నేనే ఖాళీ చేశాను. అత్త గుమ్మం వైపు చూసి, మళ్లీ ఆ రెండో పళ్లెం వైపు చూసింది.

ఆ తర్వాత నాలుగు రోజులు వరసగా నడిపాను. ప్లగ్గులు తుడిచాను, వైర్లు మార్చాను, పుస్తకాలు తిరగేశాను. ప్రతిరోజూ అదే వంతెన, అవే రెండు దగ్గులు, అదే ఢాం. మేళాలోనేమో ఇలా ఢాం అని పేలే బండిని లోపలికి రానివ్వరట. ఇక లాభం లేదని వాకిట్లో కూర్చుని దావీదన్నకు ఫోను చేశాను. చేతులకు గ్రీజు ఉందని స్పీకర్ పెట్టాను. అదే నా కొంప ముంచింది.

"కాలు తీస్తే కొడతా ఉండాదా? సరి, తెలిసిపోయె. దానికి గాలి పట్టుండాది పాపా" అన్నాడు దావీదన్న.

లోపల అత్త చేతిలోంచి గిన్నె జారిపడిన శబ్దం వినిపించింది. మిగతాది ఆమె వినలేదు. మిగతాది ఏమిటంటే, ఇంజన్‌కూ గొట్టానికీ మధ్య ఎక్కడో సందు ఉంటుంది, అందులోంచి బయటి గాలి దూరుతుంది, కాలు తీసినప్పుడు మండకుండా గొట్టంలోకి వచ్చిన పెట్రోలు ఆ గాలి తగిలి భగ్గుమంటుంది. ఇంతే సంగతి. నేను ఫోను పెట్టేసేసరికి అత్త నా వెనక నిలబడి ఉంది.

"గాలి పట్టిందా?"

"ఔనత్తా, గాలే."

"ఎవురి గాలి?"

గాలికి ఎవరిదని పేరుంటుందా? ఇంగ్లీషు బడిలో చదివిన నాకు గాలి అంటే ఫ్యాను కింద వచ్చేదే. దెయ్యం పట్టడాన్ని కూడా మావాళ్లు గాలి పట్టడమే అంటారని నాకు ఆ క్షణంలో తట్టనే లేదు.

"లోపలికి దూరిందే అత్తా. బయటికి పోయే దోవ లేక అట్ల కొడతా ఉండాది."

"ఎప్పుడెప్పుడు వస్తాది?"

"నిదానిస్తేనే వస్తాది. జోరుగా పోతే ఆ సద్దు ఉండదు."

"ఆయనంతే" అంది అత్త. "నిదానంగా పోతే ఆయనకి కోపం."

నేను నవ్వేశాను. అత్త కూడా నవ్వింది. రెండేళ్ల తర్వాత! నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "జాగ్రత్తగా చూసుకో పాపా, నీ చేతిలో పెట్టినాను" అంది. నేనేమో బాగా పరీక్ష చేసి రిపేరు చెయ్యమంటోంది అనుకున్నాను.

మర్నాడు శుక్రవారం. కారు వంతెన దాకా తిప్పి తెచ్చి షెడ్డులో పెట్టి భోజనం చేశాను. ఆ షెడ్డు నేల ఏటవాలుగా ఉంటుంది, కారు ముక్కు పైకి, తోక కిందికి. స్పానర్ తీసుకుందామని లోపలికి వెళ్లాను. షెడ్డంతా చీకటిగా, చల్లగా ఉంది. బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ మెల్లగా పైకి లేస్తోంది. ఇంజన్ ఆపి ఉంది, తాళం నా జేబులో ఉంది. ఆ పొగ సాంబ్రాణి వాసన వేస్తోంది. మామ శవం దగ్గర కూర్చున్న రోజు పీల్చిన వాసనే.

"అత్తా!" అని నేను పెట్టిన కేకకు పక్క తోటవాళ్లు పలికారు. వెనక్కి పరిగెత్తబోయి గ్రైండర్ రాయి తగిలి బోర్లా పడ్డాను. పడ్డచోటి నుంచి కారు కిందికి చూస్తే అసలు సంగతి కనిపించింది. వెనక గొట్టం ముందు సాంబ్రాణి ధూపం, దాని ముందు రెండు పువ్వులు. మా అత్త పని! శుక్రవారం కదా, బండికి పూజ చేసింది అనుకున్నాను. ఇంకా వెచ్చగా ఉన్న గొట్టం ఆ పొగను లోపలికి పీల్చి ఎత్తున ఉన్న ముందువైపు వదులుతోంది.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. పొగ ఎక్కడ బయటికొస్తోందో గాలి దూరే సందు అక్కడే! బానెట్ ఎత్తి చూశాను. ఇంజన్‌కు గొట్టం కలిసే చోట సందు మూసే గ్యాస్కెట్ అట్ట చిరిగిపోయి ఉంది, అక్కడి మూడు నట్లూ వదులుగా ఉన్నాయి. అత్త తన మొగుడికి వేసిన ధూపంతోనే నేను ఆ మొగుణ్ణి పట్టుకున్నానని అప్పటికి నాకు తెలియదు. కొత్త గ్యాస్కెట్ కత్తిరించి పెట్టాను. మూడు నట్లూ దవడ బిగపట్టి మరీ బిగించాను.

"రా అత్తా, ఒక రౌండు పోదాం" అని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అత్త తలలో పూలు పెట్టుకుని వచ్చింది. వంతెన రాగానే కాలు తీశాను. కారు ఒక్క దగ్గు కూడా దగ్గకుండా జారిపోయింది. గాలిమరలు నిలబడి ఉన్నాయి. కాకులు కూడా కదలలేదు.

"ఏడి?" అంది అత్త.

"ఎవరు?"

"మీ మామ."

నేనింకా గర్వంగానే ఉన్నాను. "గాలిని తోలేసినానత్తా! ఇంక ఎప్పటికీ రాదు!"

ఆమె నా ముఖంలోకి చూసి ఏడవడం మొదలుపెట్టింది. అరుపు లేదు, శాపం లేదు. "ఇప్పుడే కదా వచ్చినారు" అంది, అంతే. ఇంటికి వెళ్లి పూలు తీసి పక్కన పెట్టి పడుకుంది. మర్నాడు కాఫీ కూడా ముట్టలేదు. నాకు భయం పట్టుకుంది. ఇంకోసారి దావీదన్నకు ఫోను చేశాను, ఈసారి స్పీకర్ లేకుండా.

"అయ్యో, ఆ నట్లు బిగిస్తివా? మొన్న నేను చెప్పేలోపే ఫోను పెట్టేస్తివి కదా!" అని మొత్తుకున్నాడు ఆయన. "అవి మీ మామే వదులు చేసి పెట్టుకున్నాడు పాపా! వంతెన కాడ ఢాం అంటే ఇంట్లో వినిపిస్తాది, మీ అత్త పొయ్యి మీద దోశ పోస్తాది. ఆయన దిగేసరికి వేడిగా ఉండాల. ఇరవై ఏళ్లు అదే కదా వాళ్ల ఫోను!"

ఆ రెండో పళ్లెం మామదని, అందులోని దోశలు నేనే మింగానని అప్పుడు అర్థమైంది.

పరిగెత్తి మూడు నట్లూ వదులు చేశాను. వంతెన దగ్గర కాలు తీశాను. ఏమీ లేదు. కొత్త గ్యాస్కెట్ గట్టిగా అతుక్కుపోయింది. ఇంకా వదులు చేశాను, మళ్లీ వెళ్లాను. లేదు. మూడోసారి తిరిగొస్తుంటే కళ్లలో నీళ్లు నిండిపోయాయి. "మామా, తప్పయిపోయింది. అత్త ఏమీ తినలేదు" అన్నాను స్టీరింగ్‌తో. ఇక ఆశ వదులుకుని, కాలు తీయకుండా, యాక్సిలేటర్ అలాగే నొక్కి పట్టుకుని వంతెన ఎక్కాను.

"ఖు... ఖు... ఢాం!"

మీరు ఇంజనీర్లయితే నాకు చెప్పండి. కాలు తీయకుండా అది ఎలా కొట్టింది? నేను ఇప్పటికి పన్నెండేళ్లుగా ఆలోచిస్తున్నాను.

ఇంటికి చేరేసరికి వంటింట్లోంచి నెయ్యి వాసన వస్తోంది. బల్ల మీద రెండు పళ్లేలు. అత్త నా పక్కగా చూస్తూ "కూర్చోండి" అంది. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు కూడా కూర్చోవే" అంది. ఆ పూట ఆమె నిలబడే మూడు దోశలు తినేసింది.

కారు మేళాకు వెళ్లలేదు. నేను ఆ దోశ సాక్షిగా ప్రమాణం చేశాను. ఏ బండికి ఎంత గాలి పట్టినా, అది ఎవరి గాలో కనుక్కోకుండా ఈ జన్మలో స్పానర్ పట్టను. ఎంత ఆకలిగా ఉన్నా రెండో పళ్లెం జోలికి పోను.